ఫలాఫెల్ నూనెలో ఎందుకు విడిపోతుంది?

ఫలాఫెల్ అంటే శనగలు రుబ్బి, ఉండలు చేసి నూనెలో వేయించే అరబ్ వంటకం. దాన్ని ఇంట్లో చేయబోయి దెబ్బతిన్నవాళ్ల అనుభవం దాదాపు ఒకేలా ఉంటుంది. ఉండ చేతిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. నూనెలో వేయగానే చుట్టూ బుడగలు లేస్తాయి, అంచులు రాలడం మొదలవుతుంది, నిమిషం తిరిగేసరికి బాణలి నిండా పలుకులే తేలుతుంటాయి. ఆ తర్వాత దొరికే సలహా కూడా ఒకేలా ఉంటుంది: ఇంకాస్త పిండి కలపండి. పిండి కలిపితే విడిపోవడం ఆగుతుంది, కాదనలేం. కానీ కొరికితే గుల్లగా విరగాల్సింది ముద్దలా సాగుతుంది, తిన్నాక కడుపులో బరువుగా ఉంటుంది. సమస్య తీరలేదు, బాణలిలోంచి ప్లేటులోకి మారిందంతే.

అసలు లోపం పొయ్యి వెలిగించడానికి చాలా ముందే జరిగిపోతుంది. ఫలాఫెల్‌కి ఎండు శనగలను నీళ్లలో నానబెట్టి, ఉడికించకుండా అలాగే రుబ్బాలి. ఉడికించిన శనగలు పనికిరావు, ముందే ఉడికించి డబ్బాల్లో అమ్మేవి అసలే పనికిరావు. ఈ మాట మంచి రెసిపీలన్నిటిలోనూ ఉంటుంది. ఎందుకన్నది మాత్రం చాలావాటిలో ఉండదు. కారణం తెలియనప్పుడు ఎవరైనా దగ్గరిదారే చూసుకుంటారు. ఎలాగూ నూనెలో ఉడికేదే కదా, ముందే ఉడికించేస్తే పోయేదేముంది అనుకుంటారు. పోయేది చాలానే ఉంది.

ఎండు శనగ బరువులో సుమారు 40 శాతం స్టార్చ్, 20 శాతం ప్రొటీన్. స్టార్చ్ సన్నటి రేణువుల రూపంలో కణాల లోపల ఒదిగి ఉంటుంది. చల్లటి నీళ్లలో ఎన్ని గంటలు నానినా ఆ రేణువుల్లో పెద్ద మార్పు రాదు. వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటాకే వాటిలో కదలిక మొదలవుతుంది. చుట్టూ ఉన్న నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, జిగురెక్కుతాయి, పక్కనున్న రేణువులను పట్టుకుంటాయి. వేడి ఇంకాస్త పెరిగితే ప్రొటీన్ కూడా గట్టిపడుతుంది. ఈ రెండూ ఒక్కసారి జరిగే పనులు. ఉబ్బిన స్టార్చ్ మళ్లీ కొత్తగా ఉబ్బదు. గడ్డకట్టిన ప్రొటీన్ మళ్లీ గడ్డకట్టదు.

ఆ అతుక్కోవడం ఎక్కడ జరగాలన్నదే ఫలాఫెల్ తంతంతా. నానిన శనగలతో చేస్తే అది నూనెలో, ఉండ ఆకారం వచ్చాక జరుగుతుంది. లోపలి నీరు వేడెక్కుతుంటే పక్కనే ఉన్న స్టార్చ్ దాన్ని తాగేస్తుంది, అదే జిగురై పలుకులను కలిపి ఉంచుతుంది. ముందే ఉడికిస్తే ఆ పని కుక్కర్లోనే అయిపోతుంది. తర్వాత మెదిపి ఉండ చేసినా అందులో కొత్తగా అతికించే శక్తి ఏమీ మిగలదు. విడిగా ఉన్న నీటిని పీల్చుకునేది కూడా ఉండదు. ఆ నీరు నూనెలో ఆవిరై బయటికి తోసుకొస్తూ ఉండను లోపలి నుంచి చీల్చేస్తుంది.

ఉడికిన శనగల్లో నీరు బాగా ఎక్కువ కాబట్టే విడిపోతుందని కొందరంటారు. లెక్క చూస్తే అది సగమే నిజం. 250 గ్రాముల ఎండు శనగలు రాత్రంతా నానితే 500 గ్రాములకు కాస్త పైకి వస్తాయి. అంటే నానిన శనగల బరువులోనూ 55 శాతం పైన నీరే. ఉడికినవాటిలో అది 60 శాతం చుట్టుపక్కల ఉంటుంది. తేడా కొద్దిపాటిదే. అసలు తేడా ఆ నీటిని పట్టుకోగల స్టార్చ్ ఇంకా మిగిలి ఉందా లేదా అన్న దగ్గర ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని అంతగా ఎవరూ పట్టించుకోరు. శనగను ఉడికిస్తే కణాలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచే పెక్టిన్ కరిగిపోతుంది. అప్పుడు మెదిపితే కణాలు పగలవు, దేనికదిగా విడిపోతాయి. స్టార్చ్ వాటి లోపలే ఉండిపోతుంది. ఉడికిన శనగలను మెదిపి చేసే హమ్మస్ అంత నునుపుగా రావడానికి కారణం ఇదే. నానిన శనగను రుబ్బినప్పుడు అలా కాదు. కణాలు గట్టిగా అంటుకునే ఉంటాయి కాబట్టి బ్లేడు వాటిని కోసేస్తుంది, లోపలి స్టార్చ్, ప్రొటీన్ బయటికొస్తాయి. అందుకే అవే శనగలతో చేసే హమ్మస్‌కి మెత్తగా ఉడకడం ఎంత ముఖ్యమో, ఫలాఫెల్‌కి అసలు ఉడకకపోవడం అంత ముఖ్యం.

నానబెట్టడం

దీనికి కనీసం 12 గంటలు పడుతుంది, 18 నుంచి 24 గంటలైతే ఇంకా మంచిది. శనగలు రెండింతలకు మించి ఉబ్బుతాయి కాబట్టి పెద్ద గిన్నె తీసుకుని, పైన నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోయాలి. గంటలు లెక్కపెట్టడం కంటే ఒక శనగను కొరికి లేదా గోటితో రెండుగా చీల్చి చూడటం నయం. లోపల అంచు నుంచి మధ్యదాకా ఒకే రంగు ఉంటే నానినట్టు. మధ్యలో సుద్దలా తెల్లటి చుక్క కనిపిస్తే ఇంకా నీరు లోపలికి దిగలేదని అర్థం. ఆ చుక్కే వేయించాక పంటికింద రాయిలా తగులుతుంది.

ఏళ్ల తరబడి డబ్బాలో పడున్న శనగలు ఎంత నానినా పూర్తిగా మెత్తబడవు. ఆ విషయంలో చేయగలిగిందేమీ లేదు, కొత్తవి తెచ్చుకోవాల్సిందే. వేడి రోజుల్లో మరో చిక్కు వస్తుంది. నీళ్ల మీద నురగ కట్టి పులిసిన వాసన మొదలవుతుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు నీళ్లు మార్చడమో, గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టడమో చేస్తే సరిపోతుంది. టైం లేదని శనగలను ఒక పొంగు రానిచ్చి గంటసేపు వదిలేసే షార్ట్‌కట్ ఒకటి ప్రచారంలో ఉంది. కూరకైతే అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఫలాఫెల్‌కి కాదు. ఆ వేడికి శనగ పైపొరలోని స్టార్చ్ అప్పుడే ఉబ్బడం మొదలుపెడుతుంది.

నానిన శనగలను చిల్లుల గిన్నెలో వంపేసి అరగంటైనా వదిలేయాలి. తర్వాత శుభ్రమైన బట్ట మీద పరిచి పైతడి ఆరనివ్వాలి. లోపలి నీరు శనగది, అది కావాలి. పైకి అంటుకున్న నీరు ఎవరికీ చెందనిది, అదే చివరికి ఉండను చీల్చేది. ముద్దలో కలిపే కొత్తిమీరకు, దానిలాగే ఉండే పార్స్‌లీ ఆకుకు కూడా ఇదే వర్తిస్తుంది. కడిగిన ఆకుల సందుల్లో చిక్కుకున్న నీళ్లు చూడ్డానికి కొన్ని చుక్కలే అనిపిస్తాయి, రెండు గుప్పెళ్ల ఆకులో కలిపితే రెండు మూడు చెంచాలు సులువుగా ఉంటాయి. ఆకును ముందురోజే కడిగి ఆరబెట్టుకునేవాళ్లకు ఈ బెడద ఉండదు.

రుబ్బడం

250 గ్రాముల ఎండు శనగల కొలతకు ఒక మధ్యరకం ఉల్లిపాయ, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, కొత్తిమీర, పార్స్‌లీ చెరో గుప్పెడు, వేయించి పొడిచేసిన జీలకర్ర, ధనియాలు రెండేసి చెంచాలు, చెంచాకు కాస్త పైగా ఉప్పు, కారానికి తగినంత మిరప. ఈ పాళ్లలో ఎవరి రుచి వాళ్లది. మసాలా మరీ తక్కువైతే మాత్రం శనగ చప్పదనం పైకి తేలుతుంది. వేయించాక రుచి తగ్గినట్టు అనిపిస్తుంది కాబట్టి, ముద్ద దశలో కాస్త ఘాటుగా ఉండటమే మంచిది.

కొలతలకంటే నిర్ణయాత్మకమైనది రుబ్బే తీరు. పలుకు పెద్దదైతే తెగిన కణాలు తక్కువ, బయటికొచ్చిన స్టార్చ్ తక్కువ, అందుకే ఉండ రాలిపోతుంది. మరీ మెత్తగా రుబ్బితే ఉండ చెక్కుచెదరదు గానీ లోపలి ఆవిరి బయటపడే సందు ఉండదు. పైన గట్టి పెంకు, లోపల జిగట మిగులుతాయి. కావాల్సింది ఈ రెంటికీ మధ్య, సన్నరవ్వ కంటే కాస్త పెద్ద పలుకు. ఒక గుప్పెడు తీసుకుని బిగించి చూడాలి. వేళ్లు తెరిచాక ముద్ద నిలవాలి, బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విరగాలి. అరచేయి తడిగా మారినా, వేళ్ల సందుల్లోంచి జారినా నీరు ఎక్కువైనట్టే. మూసిన పిడికిలి తెరవగానే రాలిపోతే ఇంకో రెండు తిప్పులు తిప్పాలి.

ఫుడ్ ప్రాసెసర్ ఉన్నవాళ్లకు ఇది తేలిక. ఆపి ఆపి తిప్పుతూ, మధ్యలో గిన్నె అంచులను గీకుతూ ఉంటే చాలు. మాంసం కొట్టే మెషీన్‌లో సన్న జల్లెడ వేసి తీస్తే ఇంకా సమానంగా వస్తుంది. మిక్సీతోనే ఇబ్బంది. దాని జార్ ఇరుకు, అడుగున ముద్దవుతుంటే పైన శనగలు అలాగే ఉంటాయి, బ్లేడు తిరగనని మొరాయిస్తుంది. అప్పుడు చేయి నీళ్ల గ్లాసు వైపే వెళ్తుంది. ఆ ఒక్క గుక్క నీరే మొత్తం పాడుచేస్తుంది. జార్‌లో మూడో వంతుకు మించకుండా వేసి, క్షణంపాటు తిప్పి ఆపి, చెంచాతో కలిపి, మళ్లీ తిప్పాలి. నాలుగైదు వాయిలు పడుతుంది. ఓపిక లేకపోతే ఆ రోజుకి హమ్మస్ చేసుకోవడం తెలివైన పని.

ఉల్లిపాయలో దాదాపు 90 శాతం నీరే. దాన్ని విడిగా మెత్తగా రుబ్బి కలిపితే చారు కలిపినట్టే అవుతుంది. శనగలతోపాటు వేసి రుబ్బితే ఊరే నీటిలో కొంత పలుకులే పీల్చుకుంటాయి. సన్నగా తరిగి, నీరు పిండేసి కలిపినా సరే. ఉప్పు చివర్లో కలపడానికి కూడా కారణం నీరే. ఉప్పు తగిలితే ఉల్లి, ఆకులు రెండూ నీరు వదలడం మొదలుపెడతాయి. ముందే కలిపి గంటలు ఉంచితే గిన్నె అడుగున చెమ్మ చేరుతుంది.

కలిపిన ముద్దను ఫ్రిజ్‌లో అరగంట నుంచి గంట ఉంచడం వృథా కాలయాపన కాదు. ఆ కాస్త సమయంలో పలుకులు చుట్టూ ఉన్న తడిని లాక్కుంటాయి, ముద్ద బిగుసుకుంటుంది. ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక కూడా జారుగా అనిపిస్తే అప్పుడు ఒక పెద్ద చెంచా శనగపిండో గోధుమపిండో కలపొచ్చు. పిండిని తిట్టాల్సిన పనేమీ లేదు, అందులోని పచ్చి స్టార్చ్ కూడా ఇదే పని చేస్తుంది. మూడు నాలుగు చెంచాలు పడుతోందంటే మాత్రం నీరు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలి.

వంటసోడా, బేకింగ్ పౌడర్ల గురించి గందరగోళం ఎక్కువ. రెండూ లోపల గాలి నింపి గుల్లగా చేస్తాయి. సోడాకున్న క్షారగుణం వల్ల పైభాగం త్వరగా ఎర్రబడుతుంది. అయితే ఈ ముద్దలో పులుపు దాదాపు లేదు కాబట్టి, ఎక్కువ సోడా వేస్తే తటస్థం కాకుండా మిగిలిపోయి సబ్బు రుచి వస్తుంది. పావు చెంచా దాటకపోవడం మంచిది. బేకింగ్ పౌడర్‌లో ఆమ్లం ముందే ఉంటుంది, కాబట్టి అర చెంచా నుంచి ముప్పావు చెంచాదాకా వేసినా ఆ తంటా లేదు. ఏది వేసినా సరిగ్గా ఉండలు చేయబోయే ముందు కలపాలి. తడి తగలగానే బేకింగ్ పౌడర్ పని మొదలుపెడుతుంది, ఫ్రిజ్‌లో ఉండగానే ఆ గ్యాస్ కాస్తా పోతుంది.

నూనెలో

ఉండ 25 నుంచి 30 గ్రాములు, అంటే అడ్డంగా 4 సెంటీమీటర్లు ఉంటే మధ్యదాకా ఉడకడానికీ పైన ఎర్రబడడానికీ పట్టే సమయం ఇంచుమించు కలుస్తుంది. అరబ్ దేశాల్లో దీనికి చిన్న లోహపు అచ్చు ఉంటుంది. పిడి నొక్కితే అడుగు కిందికి దిగుతుంది, ముద్ద నింపి వదిలితే నేరుగా నూనెలో పడుతుంది. చేత్తో చేసేటప్పుడు తడిచేతితో తేలిగ్గా ఒత్తితే చాలు. రాయిలా బిగిస్తే గుల్లదనం అక్కడే పోతుంది. సిరియాలో మధ్యలో రంధ్రంతో చేసే పద్ధతి ఉంది. అందానికే కాదు, నూనె తగిలే వైశాల్యం పెరిగి లోపల త్వరగా ఉడుకుతుంది.

నూనె 175 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చిటికెడు ముద్ద వేసి చూడాలి. అది అడుగుకు వెళ్లి ఒకటి రెండు క్షణాల్లో నిలకడైన బుడగలతో పైకి రావాలి. అడుగునే కూర్చుంటే నూనె చల్లగా ఉంది, వేయగానే నల్లబడితే మరీ కాగింది. చల్లటి నూనెలో పైపొర బిగుసుకోవడం ఆలస్యమవుతుంది, ఆలోపే ఉండ కరగడం మొదలవుతుంది. ముద్ద ఎంత బాగా కుదిరినా ఇక్కడ చెడిపోవచ్చు. ఒకేసారి పది ఉండలు వేస్తే వేడి దిగిపోయి అదే ఫలితం వస్తుంది. చిన్న బాణలిలో అయిదారు చాలు. మొదటి నిమిషం గరిటె పెట్టకూడదు. పైపొర గట్టిపడ్డాక తిప్పుతూ మూడు నాలుగు నిమిషాలు వేయిస్తే సరి. ముందు ఒక్కటే వేసి, తీసి, విరిచి చూడటం అన్నిటికంటే పనికొచ్చే అలవాటు. ఉప్పు, కారం, పలుకు, నూనె వేడి అన్నిటి సంగతీ అదే చెప్పేస్తుంది. పైన ముదురు గోధుమరంగు వచ్చి లోపల పచ్చివాసన ఉంటే సెగ తగ్గించి ఎక్కువసేపు వేయించాలి.

వేగుతున్నంతసేపూ ఆవిరి బయటికి వస్తుంటుంది కాబట్టి నూనె లోపలికి పెద్దగా దూరదు. బయటికి తీశాక చల్లబడుతుంటే లోపలి ఆవిరి నీరవుతుంది, ఆ ఖాళీలోకి పైన అంటుకున్న నూనె లాగబడుతుంది. అందువల్ల చిల్లుల గరిటెలోనే బాణలి మీద రెండుసార్లు ఊపి, జాలీ మీద విడివిడిగా పెట్టాలి. వేడివేడివి ఒకదానిమీద ఒకటి పేర్చితే కరకర కాసేపట్లోనే మెత్తబడిపోతుంది.

నూనెలో వేయించడం వద్దనుకునేవాళ్లు ముద్దలో రెండు చెంచాల నూనె కలిపి, బిళ్లల్లా ఒత్తి, పైన కూడా రాసి, ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు మధ్యలో తిప్పుతూ కాల్చుకోవచ్చు. ఎయిర్ ఫ్రయర్‌లో ఇంకాస్త త్వరగా అవుతుంది. తినడానికి బాగానే ఉంటుంది. కానీ వేడి గాలి నూనె అంత త్వరగా వేడిని అందించలేదు, పైపొర బిగుసుకునేలోపు లోపలి తడి ఎక్కువ ఆరిపోతుంది. అచ్చం అలాగే ఉంటుందని చెప్పే మాటలను నమ్మక్కర్లేదు.

శనగలు కాకుండా

ఈజిప్టులో దీన్ని తామియా అంటారు, చేసేది శనగలతో కాదు, పొట్టుతీసిన ఎండు ఫావా (బ్రాడ్ బీన్స్) గింజలతో. కొత్తిమీర, పార్స్‌లీకి తోడు సోయికూర (డిల్), ఉల్లికాడలాంటి లీక్ వంటివి కూడా పడతాయి కాబట్టి విరిస్తే లోపల పచ్చగా ఉంటుంది. పైన నువ్వులు అద్దుతారు. ఈ వంటకం ఈజిప్టులో పుట్టి లెబనాన్, సిరియా, పాలస్తీనా వైపు వెళ్లి శనగలకు మారిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. ఫారోల కాలానికి ముడిపెట్టే కథలకు మాత్రం గట్టి ఆధారాలు లేవు. ఇజ్రాయెల్‌లో ఇది జాతీయ వంటకంగా చెలామణి కావడం మీద పాలస్తీనియన్లకు, ఇతర అరబ్బులకు అభ్యంతరం ఉంది, ఆ వాదన ఇప్పట్లో తెగేది కాదు. పాలస్తీనాలో ఉల్లి, సుమాక్ అనే పుల్లటి పొడి లోపల పెట్టి చేసే ఫలాఫెల్ కూడా ఉంది.

ఫావాకు పొట్టు మందం, అందుకే పొట్టులేని బద్దలే కొనాలి. అవి శనగకంటే త్వరగా నానతాయి, ముద్ద కూడా మృదువుగా వస్తుంది. ఒక హెచ్చరిక తప్పనిసరి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు ఫావా తింటే ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. ఆ గింజల్లోని వైసిన్, కన్‌వైసిన్ అనే పదార్థాలు దానికి కారణం. ఇంట్లో ఎవరికైనా ఆ లోపం ఉందని తెలిస్తే శనగ ఫలాఫెలే చేసుకోవాలి.

నానబెట్టి రుబ్బే ఈ పద్ధతిని రాజ్మాకు అస్సలు వాడకూడదు. వాటిలో లెక్టిన్ అనే విషపదార్థం చాలా ఎక్కువ. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు బాగా మరిగిస్తేనే అది నశిస్తుంది. మూడు నాలుగు నిమిషాల వేపుడులో ఉండ మధ్యభాగానికి అంత వేడి అంతసేపు అందదు, కొన్ని గింజలే వాంతులు, విరేచనాలు తెప్పించగలవు. శనగల్లో లెక్టిన్ వాటితో పోలిస్తే చాలా తక్కువ. అయినా మధ్యదాకా ఉడికిందని చూసుకున్నాకే వడ్డించాలి.

ఫలాఫెల్ పొడిగా ఉండే పదార్థం, పక్కన తహీనీ సాస్ లేకపోతే గొంతు పట్టేస్తుంది. నువ్వుల ముద్దలో నిమ్మరసం, నూరిన వెల్లుల్లి, ఉప్పు కలపగానే అది వదులవ్వాల్సింది పోయి గట్టిగా ముద్దకడుతుంది. చాలామంది అక్కడే చెడిపోయిందనుకుని పారేస్తారు. కొద్దిపాటి నీటికి నువ్వుల్లోని ప్రొటీన్, పిండిపదార్థం ఒకదానికొకటి అతుక్కోవడం వల్ల అలా అవుతుంది. చల్లటి నీళ్లు చెంచా చెంచాగా పోస్తూ కలుపుతూనే ఉంటే కాసేపటికి తెల్లబడి మీగడలా జారుతుంది.

మిగిలిన ముద్ద, ఉప్పు, సోడా కలపకుండా ఉంటే, ఫ్రిజ్‌లో రెండు రోజులు ఆగుతుంది. అంతకుమించి అయితే ఉండలు చేసి పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, తర్వాత సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. వేయించేటప్పుడు కరిగించాల్సిన పనిలేదు. నూనె వేడిని కొంచెం తగ్గించి, ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఉంచితే చాలు. వేయించేసినవి మిగిలితే ఓవెన్‌లోనో పొడి పెనం మీదో వేడిచేయాలి, మైక్రోవేవ్‌లో పెడితే పైపొర తోలులా సాగుతుంది.